కాలికి తెలియని నిప్పు

పత్రికలో నాకు మొదట నేర్పిన పని రెండు విషయాలను పక్కపక్కన పెట్టడం. తొంభైల్లో మేడ్చల్ కంట్రిబ్యూటర్‌గా ఉన్నప్పుడు ఒకసారి చెరువు కట్ట తెగిన వార్త రాసి, దాని కిందే ఆ కట్టకు మరమ్మతు చేయించిన కాంట్రాక్టర్ గృహప్రవేశం సంగతి రాసి పంపాను. డెస్క్‌లో ఉండే పెద్ద సబ్ ఎడిటర్ ఫోన్ చేస్తే తిట్లు తప్పవనుకున్నాను. ఆయన నవ్వాడు. "రెంటికీ సంబంధం ఉందని మనం రాయలేదు. రాయక్కర్లేదు కూడా. చదివేవాడు కలుపుకుంటాడు," అన్నాడు. ఆ మాట మీద చాలా ఏళ్లు బతికాను.

రెండువేల సంవత్సరం దాటాక పత్రిక నా ప్రాంతాన్ని ఇద్దరు కుర్రాళ్లకు పంచి, నాకు కీసర వైపు ఒక మూల మిగిల్చింది. ఆ మూల మీద ఇల్లు గడవదు. అప్పుడే సికింద్రాబాద్‌లో ఒక మెడికల్ కోడింగ్ కంపెనీ బీఎస్సీ చదివినవాళ్లను తీసుకుంటోందని తెలిసింది. నాకు జువాలజీ డిగ్రీ ఉంది. కప్పను కోసిన రోజులు తప్ప అందులో ఏమీ గుర్తు లేదు. అయినా తీసుకున్నారు.

పని చెప్పడానికి సులువే. అమెరికాలో ఎక్కడో ఒక డాక్టర్ రోగిని చూసి ఏదో రాస్తాడు. ఆ రాత తెల్లారేసరికి మా తెర మీదికి వస్తుంది. అందులోని ప్రతి జబ్బునూ మేము ఒక అంకెగా మార్చి పంపాలి. ఆ అంకెను బట్టి అక్కడి బీమా కంపెనీ ఆస్పత్రికి డబ్బు ఇస్తుంది. రోగి మాకు కనిపించడు, మేము రోగికి కనిపించం.

శిక్షణ ఇచ్చినావిడ గుంటూరు వైపు మనిషి, నాకంటే బాగా చిన్నది. మొదటివారంలోనే ఒక కాగితం నా ముందు పెట్టి చదవమంది. ఎవరో ముసలాయన. చక్కెర జబ్బు ఉంది. ఆ కింది వరుసలో, అరికాలిలో మానని పుండు ఉంది.

"షుగర్ వల్ల వచ్చిన పుండు," అన్నాను.

"‘వల్ల’ అని ఎక్కడుందండీ?"

"రెండూ ఉన్నాయి కదా, పక్కపక్కనే."

"పక్కపక్కన ఉంటే పక్కపక్కనే వేయండి. డాక్టర్ కలిపితే మీరూ కలపండి. ఆయన కలపలేదు. మీరు పేషెంట్‌ని చూశారా?"

"లేదు."

"మరి? ఇది పేపర్ కాదండీ, చదివేవాళ్లు కలుపుకోవడానికి."

క్లాసంతా నవ్వింది. నేను పత్రిక నుంచి వచ్చానని అందరికీ తెలుసు. ఆవిడ తప్పేమీ లేదు. పనికున్న నియమం అదే. రాయనిది జరగనట్టే.

మా పుస్తకంలో చక్కెర జబ్బుకు రెండు వందల యాభై. తర్వాత ఒక చుక్క. చుక్క పక్కన నాలుగు ఉంటే జబ్బు మూత్రపిండాలను పట్టిందని, ఐదు ఉంటే కళ్లను, ఆరు ఉంటే నరాలను, ఏడు ఉంటే కాళ్లూ చేతుల రక్తనాళాలను. ఆ పైన ఉండే చివరి అంకె అది ఏ రకం చక్కెరో, అదుపులో ఉందో లేదో చెబుతుంది. పెద్ద వయసులో వచ్చే రెండో రకమే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది. డాక్టర్ ఏదీ కలపకపోతే చుక్క పక్కన సున్నా. జబ్బు ఉంది గానీ, అది ఒంట్లో దేన్నీ పాడు చేసినట్టు రాసి లేదని దాని అర్థం. ఆ సున్నా వేయాల్సి వచ్చినప్పుడల్లా నాకు చేదుగా ఉండేది. పాడు కాలేదని కాదు, పాడైందని ఎవరూ రాయలేదని. బిల్లు మీద రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఎదుటివాళ్ల కాళ్లు చూడటం అలవాటైంది. అల్వాల్ దగ్గర ఎక్కిన పెద్దాయన బొటనవేలికి గుడ్డ కట్టు, హకీంపేటలో దిగిన ఆమె వాచిన మడమలు. పత్రికలో ఉన్నప్పుడు ముఖాలు చూసేవాణ్ని.

మాది శామీర్‌పేట దగ్గర చేపలు పట్టేవాళ్ల ఊరు. బాపు వయసు మళ్లినా వల వదల్లేదు. ఆయనకు చక్కెర ఉన్న సంగతి తొంభైల చివర్లో మేడ్చల్‌లో పెట్టిన కంటి శిబిరంలో బయటపడింది. అద్దాల కోసం వెళ్లి గోలీల పొట్లంతో తిరిగొచ్చాడు. ఆ గోలీలను ఆయన తలనొప్పి గోలీల లెక్కన చూశాడు. ఎవరింట్లోనైనా దావత్ ఉన్న రోజు ఒకటి వేసుకునేవాడు. లేని రోజు అమ్మ గుర్తు చేస్తే, "ఇయ్యాల ఏం తిన్ననని గోలి? జొన్న గట్కకు గూడ గోలీనా?" అని కసిరేవాడు.

అమ్మ గమనించింది వేరే. "మీ బాపుకు సెప్పు జారింది గూడ తెలుస్తలేదురా. ఒకటి సెర్వు కట్ట మీద, ఒకటి కాలుకు. గట్లనే నడుసుకుంట ఇంటికొచ్చిండు," అని నవ్వుతూ చెప్పింది. మేమూ నవ్వాం. అప్పటికి నేనింకా పత్రికలోనే ఉన్నాను.

ఇక్కడ పీర్ల పండుగ సంగతి చెప్పాలి. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు కొన్నే ఉన్నా పండుగ మాత్రం ఊరందరిదీ. కర్ర చివర అరచేతి ఆకారంలో ఉండే వెండి రేకు పంజాను కట్టి, రంగు గుడ్డలు, పూలదండలు వేసి నిలబెడతారు. అదే పీరు. ఒక పీరును మోసే హక్కు మా ఇంటిది, తాతల నుంచి వచ్చింది. పీర్ల కొట్టం ముందు గుండం తవ్వి మొద్దులు కాలుస్తారు. చివరి రోజు తెల్లవారుతుండగా పీర్లను ఎత్తుకున్నవాళ్లు ఆ నిప్పుల మీదుగా నడుస్తారు. అన్ని రోజులూ కల్లు ముట్టకూడదు, నీసు ముట్టకూడదు, చాప మీదే పడుకోవాలి. అవన్నీ సరిగ్గా పాటించినవాణ్ని నిప్పు కాల్చదని ఊరి నమ్మకం. కాలిందంటే ఏదో తప్పు చేశాడని.

బాపు నియమాలన్నీ పాటించేవాడు. కానీ గుండంలో దిగాడంటే పరుగే. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఇటు దిగినవాడు అటు తేలేవాడు, పీరు మీది పూలు సగం నిప్పుల్లో రాలేవి. కొట్టం చూసుకునే ముజావర్, బాపు ఈడువాడే, ప్రతి ఏడూ అదే ఎగతాళి.

"ఏం భాయ్, గట్ల ఉరుకుతవేంది? బస్సు పోతాందా?"

"కాళ్లు నీయి గావు గద, మస్తు జెప్తవు," అనేవాడు బాపు, అరికాళ్లు నీళ్ల బక్కెట్లో పెట్టుకుని.

తర్వాత్తర్వాత ఆ పరుగు తగ్గింది. మొదట వేగంగా నడిచాడు. ఇంకో ఏడు మెల్లగా నడిచాడు. ఆ తర్వాతి ఏడు గుండం నడుమ ఆగిపోయాడు. పీరును ఎత్తి పట్టుకుని, కాళ్ల కింద నిప్పు ఎర్రగా ఉండగా, తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. డప్పులు కొట్టేవాళ్లు కొట్టడం మరిచిపోయారు. బయటికి వచ్చాక ఆడవాళ్లు ఆయన కాళ్ల మీద నీళ్లు పోసి ఆ నీళ్లు పిల్లల నెత్తిన చల్లుకున్నారు. ముజావర్ ఎగతాళి మానేశాడు. బాపును చూడటానికి తూంకుంట నుంచి, కీసర నుంచి జనం రావడం మొదలైంది. నా తర్వాత వచ్చిన కంట్రిబ్యూటర్ జిల్లా పేజీలో ఫొటోతో వార్త వేశాడు. ఆ కాగితం ముక్కను బాపు వలలు పెట్టే గదిలో గోడకు అంటించుకున్నాడు. నేను పత్రికలో రాసిన పదేళ్ల వార్తల్లో ఒక్కటి కూడా ఆయన అంటించలేదు.

కోడింగ్‌లో చేరిన రెండో నెలలో నరాల పాఠం వచ్చింది. చక్కెర ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ పోతుంది. వేడి తెలియదు, ముల్లు తెలియదు, చెప్పు జారినా తెలియదు. శిక్షణ ఇచ్చే ఆవిడ ఇది చదివి, పరీక్షలో అడుగుతారు, గీత పెట్టుకోండి అంది. నేను గీత పెట్టుకోలేదు. చెరువు కట్ట మీద పడి ఉన్న ఒంటి చెప్పు కళ్ల ముందుకు వచ్చింది. దాని వెనకే గుండం.

ఆ ఆదివారం బాపు వాకిట్లో కూర్చుని వల కుడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"బాపూ, గుండంల నీకు వేడి తెలుస్తలేదా?"

"తెలుస్తలేదు."

"ఎప్పటిసంది?"

"పీరు దయ పెట్టినకాడి సంది."

"అది దయ గాదు బాపూ. షుగర్. కాళ్లల్ల నరాలు సచ్చినయి."

ఆయన చేతిలో సూది ఆగలేదు. వలలో ఇంకో రెండు కళ్లు కుట్టాక అడిగాడు. "గిది మీ ఆఫీసుల జెప్పిండ్రా?"

"ఆ."

"ఆడ గూర్సున్నోళ్లు అమెరికావోళ్ల కాళ్లు సూస్తరా, నా కాళ్లు సూస్తరా?"

"ఎవల కాళ్లయినా గంతే గద."

"గంతే గాదు." అప్పుడు తలెత్తాడు. "ఇన్నేండ్లు ఉరికిన్రా నేను గుండంల. ఊరంత నవ్వింది. మీ తాత సచ్చేటప్పుడు గూడ అన్నడు, నీ కొడుకన్న నిలవడ్తడేమో సూడుమని. ఇప్పుడు నేనే నిలవడ్డ. నిలవడ్డంక నువ్వొచ్చి నరాలు సచ్చినయంటవు."

అమ్మ లోపలి నుంచి, "పోనీ ఈ ఏడు మొయ్యకు. వాడు మోస్తడు," అంది.

"వీడా?" బాపు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "వీనికి బస్సుల నిలవడొస్తే సాలు."

అమ్మ నవ్వింది. నాకు రాలేదు. ఎలా అడిగినా ఆయన నా నుంచి గోలీల గురించి వినేవాడు కాదు. నేను తీసేసుకుంటానన్నది ఆయన చక్కెరను కాదు, గుండం నడుమ ఆయన నిలబడిన ఆ కాసేపటిని.

ఆ ఏడు పండుగ చలికాలం చివర్లో వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. జనం ఎక్కువగా ఉన్నారు, మొద్దులు కూడా ఎక్కువే వేశారు. బాపు గుండం నడుమ నిలబడ్డాడు, నాలుగు దిక్కులా తిరిగాడు, ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి కొట్టం అరుగు మీద కూర్చుని ముజావర్ ఇచ్చిన బెల్లం షర్బత్ గ్లాసు ఖాళీ చేశాడు. కాళ్లు కడగడానికి ఆడవాళ్లు వస్తుంటే కండువాతో పాదం చుట్టేసుకున్నాడు. నేను వంగి కండువా పక్కకు లాగాను. కుడి అరికాలు తెల్లగా ఉబ్బి ఉంది. మడమ దగ్గర చర్మం లేచి బూడిదతో కలిసి అంటుకుని ఉంది.

"బాపూ!"

"సప్పుడు జేయకు," అన్నాడు, పెదాలు కదలకుండా.

కాలిందని తెలిస్తే తప్పు చేశాడంటారు. తప్పు చేసినవాడికి వచ్చే ఏడు పీరు ఇవ్వరు. అందుకే ఆ మధ్యాహ్నం నుంచే, ఎవరూ అడగకముందే, చెరువులో నత్తగుల్ల గీసుకుపోయిందని చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినదానికి రుజువుగా మర్నాడు అదే కాలితో చెరువులో దిగాడు. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఊళ్లో ఉన్న ఆరెంపీ డాక్టర్ కూడా గుల్ల గాయమనే నమ్మి ఒక సూది వేసి, పూత మందు ఇచ్చాడు.

"నొప్పి ఉందా?" అని అడిగితే బాపు లేదనేవాడు. అది నిజం. నొప్పి లేదంటే మానుతున్నట్టేనని అమ్మ, అక్క, ఆరెంపీ అందరూ నిమ్మళంగా ఉన్నారు. నొప్పి లేకపోవడమే జబ్బు అని నేను చెబితే అక్క నా వైపు జాలిగా చూసింది. "నువ్వు జర ఆ కంప్యూటర్ కాడికెల్లి దిగుర తమ్మీ. నొప్పి లేకుంటే గూడ ఏడుస్తరా ఎవలన్న?"

వాసన వచ్చాక అమ్మ భయపడింది. బాపుకు ఆ వాసన కూడా పట్టలేదు. సెవెన్ సీటర్ ఆటో మాట్లాడుకుని మేడ్చల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాం. మా బావ, అక్క పెనిమిటి, తూంకుంట నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. ఆయన ప్లాట్లు అమ్మిపెట్టేవాడు. ఏ కాగితంలో ఏ మాట ఉంటే పనవుతుందో, ఏ మాట ఉంటే ఆగిపోతుందో ఆయనకు బాగా తెలుసు. నా ఉద్యోగంతో పాటు తల్లిదండ్రులకు బీమా వస్తుందని, అందులో ముందు నుంచీ ఉన్న జబ్బుకు గానీ, దానివల్ల వచ్చిన వాటికి గానీ డబ్బు రాదని నేనే ఎప్పుడో మాటల్లో చెప్పాను. ఆయన మరిచిపోలేదు.

సర్జన్ కట్టు విప్పించి చూసి, "ఇదెట్లయింది?" అన్నాడు.

"సెర్వుల గుల్ల..." అని బాపు మొదలుపెట్టాడు.

బావ ఆయన భుజం మీద చెయ్యేసి, "ఇది ఊరు గాదు మామా. గుల్లకు గింత పుండా అని షుగర్ మీదికి పోతరు. ఈడ నిప్పు అనే జెప్పాలె," అని గొణిగి, డాక్టర్ వైపు తిరిగాడు. "పీర్ల గుండంల నడిసిండు సార్. కాలింది. యాక్సిడెంటు లెక్క."

బాపు బావను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తాను ఊరి నుంచి దాచిన మాటను బావ ఇక్కడ అందరి ముందూ గట్టిగా చెప్పేశాడు.

"సార్, ఆయనకు షుగర్ ఉంది. చాలా ఏండ్లసంది," అన్నాను. "కాళ్లకు స్పర్శ లేదు. కాలింది గూడ అందుకే, మానకపోయింది గూడ అందుకే."

డాక్టర్ మంచివాడే. నన్ను కూర్చోమన్నాడు. "షుగర్ ఉన్నది నేను చూసిన. కింద వేరే లైన్లో రాసిన కూడా. మీరేం చేస్తరు?"

"కోడింగ్, సార్."

"అయితే నాకంటే మీకే ఎక్కువ తెలుసు. షుగర్ వల్ల అని రాస్తే మీ ఇన్సూరెన్స్ ఇస్తదా?"

"ఇయ్యదు."

"రాయమంటరా?"

"రాయుండ్రి సార్. పైసలు నేను కడ్త."

"ఏం కడ్తవ్ బామ్మర్దీ, అప్పట్ల పేపరోళ్లు ఇయ్యని జీతంల కెల్లి కడ్తవా?" అన్నాడు బావ.

డాక్టర్ బాపు వైపు చూశాడు. రోగి ఆయన. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. తెరవకుండానే చెప్పాడు. "కాలింది సార్. గంతే రాయుండ్రి. వాని మీద ఏస్తరా ఇగ నా బరువు."

అలా ఒక్క కాలికి మూడు కారణాలయ్యాయి. ఊళ్లో గుల్ల, నర్సింగ్ హోమ్‌లో నిప్పు, నా దగ్గర చక్కెర. నాదానికి అక్కడ కాగితం మీద చోటు లేదు. కింద వేరే లైన్లో ఉంది.

రాతలో విడిపోయినవి వైద్యంలోనూ విడిపోయాయి. పొద్దున ఒక సిస్టర్ వచ్చి కాలిన గాయానికి కట్టు మార్చేది. కాసేపాగి ఇంకో సిస్టర్ వచ్చి వేలు గుచ్చి చక్కెర చూసుకుపోయేది. చక్కెర చూసే ఆమె పాదం వైపు చూసేది కాదు, కట్టు మార్చే ఆమె చక్కెర అడిగేది కాదు. పాదానికి రక్తం అందుతోందో లేదో ఎవరూ చూడలేదు. కాలిన గాయానికి అది చూసే పని లేదు. ఆఫీసులో నేను రోజూ చేసేది కూడా ఇదే. ఒక వరుసలో తొమ్మిది వందల నలభై ఐదు, అంటే కాలికి కాలిన గాయం. ఇంకో వరుసలో రెండు వందల యాభై, చుక్క, సున్నా. అక్కడ తెర మీద ఉండేవి ఇక్కడ మంచం మీద ఉన్నాయి. పెద్దాస్పత్రికి తీసుకుపోదామంటే, అక్కడ మళ్లీ మొదటి నుంచి అన్నీ అడుగుతారు, ఇక్కడ రావాల్సిన బీమా కూడా పోతుందని బావ ఒప్పుకోలేదు. ఆయన మాటకు అక్క, అక్క మాటకు అమ్మ. బాపు గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

చిటికెన వేలు నల్లబడింది. దాని పక్కది కూడా రంగు మారుతున్న రోజు నేనెవరినీ అడగలేదు. ఆటో పిలిచి బాపును ఎత్తుకుని కూర్చోబెట్టాను. బావ గేటు దాకా అరుస్తూ వచ్చాడు. అమ్మ మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కేసింది.

సిటీలో ప్రభుత్వ ఆస్పత్రిలో మమ్మల్ని చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. రాత్రంతా నిద్ర లేనట్టుంది కళ్లు చూస్తే. కట్టు విప్పింది, మమ్మల్ని తిట్టింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, మూత ఉన్న వైపు బాపు పాదం మీద అక్కడక్కడా ఆనించింది.

"తెలుస్తుందా పెద్దాయనా?"

"ఆ."

"ఇక్కడ?"

"ఆ."

"ఇక్కడ?"

"ఆ, తెలుస్తాంది."

నేను బాపు కళ్లను చూస్తున్నాను. ఆయన పెన్నునే చూస్తున్నాడు. డాక్టరమ్మ కూడా కనిపెట్టినట్టుంది. "ఇప్పుడు కళ్లు మూసుకోండి. ముట్టుకున్నప్పుడు ‘ఆ’ అనండి," అంది.

బాపు కళ్లు మూసుకున్నాడు. ఆమె పెన్ను మడమకు ఆనించింది. ఆయన మాట్లాడలేదు. మధ్యలో ఆనించింది. మాట్లాడలేదు. బొటనవేలిని గట్టిగా నొక్కింది. మాట్లాడలేదు. ఆమె పెన్ను తీసి జేబులో పెట్టుకుని, రాయడానికి కాగితం అందుకుంటోంది. అప్పుడు బాపు, "ఆ" అన్నాడు.

డాక్టరమ్మ కాగితం వదిలి ఆయన వైపు తిరిగింది.

"ముట్టుకున్నరా అమ్మా?" అని అడిగాడు, కళ్లు మూసుకునే.

ఆమె ఆయన మోకాలు నిమిరింది. అది తెలిసింది ఆయనకు. కళ్లు తెరిచాడు.

కాగితం మీద ఆమె రెండు మాటలు కలిపి రాసింది. డయాబెటిక్ ఫుట్. ఇన్ని రోజులు ఇద్దరు డాక్టర్లు, ఒక బీమా, ఒక ఊరు విడదీసి పెట్టినవాటిని ఆమె ఒక్క గీతలో కలిపేసింది. అలవాటైన వేళ్లకు ఆ క్షణంలోనే అంకె తట్టింది. ఇక సున్నా కాదు. చుక్క పక్కన ఆరు, బహుశా ఏడు కూడా. అప్పటికి రక్తం అందని భాగం మడమ దాటింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

నర్సింగ్ హోమ్ బిల్లు బీమాలో మొత్తం పాసైంది. కాలిన గాయం, ఎవరూ ప్రశ్న వేయలేదు. బావ ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి వార్డుకే వచ్చాడు. "జూసినవా బామ్మర్దీ, ఒక్క మాటతోని పాసైంది. నీ మాట ఇనుంటే రూపాయి వస్తుండెనా?" అన్నాడు. మంచం మీద దుప్పటి ఒక వైపు మోకాలి దగ్గరే పల్లంగా ఉంది. ఆయన దాన్ని చూస్తూనే అన్నాడు. దుర్మార్గుడేమీ కాదు. ఆయన లెక్కలో ఆయన మాకు సాయమే చేశాడు. ఆ తర్వాత కూడా అలాగే నమ్మాడు.

ఊళ్లో మాత్రం గుల్ల కథ నిలవలేదు. గుల్ల గీసుకుంటే కాలు పోతుందా? గుండంలోనే కాలిందని తేలిపోయింది. తప్పు చేసి ఉంటాడని కొందరు, నీసు తిని ఉంటాడని కొందరు. బాపు వాకిట్లో కూర్చుని వల కుడుతూనే ఉన్నాడు. దారిన పోయేవాళ్లు ముందులా ఆగేవాళ్లు కాదు. గోడకు అంటించిన పేపర్ ముక్కను ఎవరు తీశారో నాకు తెలియదు. జిగురు మరక మాత్రం ఉంది.

ఒకరోజు నన్ను అడిగాడు. "నా కాలుకు మీ ఆఫీసుల ఏం నంబరిచ్చిండ్రు?"

"ఈడి పేషెంట్లయి మాకు రావు బాపూ. అమెరికావోళ్లయే."

"అంటే నా కాలుకు నంబరే లేదా?"

"లేదు."

"గంత పెద్ద కాలు," అన్నాడు. నవ్వాడో ఏమో, తల వంచుకుని ఉన్నాడు.

ఉద్యోగం మానలేదు, మానే వీలు లేదు. ఆ ఎండాకాలంలో నాకు ఒక కేసు వచ్చింది. ఎవరో ముసలాయన, చెప్పుల్లేకుండా వేడి సిమెంటు మీద నడిచాడట, రెండు అరికాళ్లూ పొక్కిపోయాయి, ఎప్పుడు కాలిందో తనకు తెలియదని చెప్పాడట. కింద వేరే లైన్లో చక్కెర జబ్బు. డాక్టర్ కలపలేదు. రెంటికీ సంబంధం ఉందా అని ఆ డాక్టర్‌నే రాసి అడిగే పద్ధతి ఒకటి ఉంటుంది. నేను అడిగాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆ డాక్టర్ వేరే ఊరికి మారాడు, ఉన్నది ఉన్నట్టు పంపండి అని. పంపాను. తొమ్మిది వందల నలభై ఐదు. రెండు వందల యాభై, చుక్క, సున్నా. ఆ నెల నా పనిలో ఒక్క తప్పు లేదని బోర్డు మీద పేరు రాశారు. పక్క సీటు కుర్రాడు సమోసాలు తెప్పించమన్నాడు.

మళ్లీ పండుగ వచ్చింది. మా ఇంటి పీరును ఇంకో ఇంటికి ఇచ్చారు. బాపు వెళ్లనంటాడనుకున్నాను. తెల్లవారకముందే తయారై కూర్చున్నాడు. నేను, ముజావర్ కలిసి ఆయన్ని తీసుకెళ్లి కొట్టం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. గుండం దగ్గరే కావాలన్నాడు. మొద్దులు కాలి ఎర్రగా అయ్యాయి, సెగకు నా ముఖం మండుతోంది. కొత్తగా మోస్తున్న మనిషి పీరును ఎత్తుకుని దిగాడు, దిగినవాడు దిగినట్టే ఉరికాడు. పూలు రాలాయి.

"గట్ల ఉరుకుతడేంది? బస్సు పోతాందా?" అన్నాడు బాపు.

ముజావర్ నవ్వలేదు. బాపు భుజం మీద చెయ్యి వేసి, "వాని కాళ్లు మంచిగున్నయి భాయ్. అందుకే ఉరుకుతాండు," అన్నాడు.

డప్పులు కొట్టం వైపు పోయాయి. జనం వాటి వెనక పోయారు. బాపు ఎడమ కాలి చెప్పు వదిలేసి, ఉన్న ఒక్క పాదాన్నీ గుండం అంచు వైపు చాపాడు. దగ్గరగా, నేను చెయ్యి పెట్టలేనంత దగ్గరగా. అలాగే ఉంచి, కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ మూసుకోమన్నట్టు.

"రా," అని పిలిచాడు నన్ను, మెల్లగా. "దీనికి గూడ తెలుస్తలేదురా."

నేను వెనకకు వెళ్లి కుర్చీ వీపు పట్టుకుని, ఆయనతో సహా వెనక్కి లాగాను. మట్టిలో కుర్చీ కాళ్లు గీసుకుంటూ వచ్చాయి. వద్దనలేదు. పాదం చాపే ఉంచాడు, నేను వంగి చెప్పు తొడిగేదాకా.